గవ్వ ఏరితే తప్పంట, అడవి కొడితే ఒప్పంట: అండమాన్ ఎయిర్‌పోర్టు చూసొచ్చినాక నా సందేహం

తోతాపురి అయివారు

పోయిన నెల అండమాన్ పోయొచ్చినాం. నేను, మా ఇంటామె, కొడుకు, కోడలు, ఏడేండ్ల మనవరాలు. రిటైరైన పదేండ్లకి గానీ సముద్రం దాటే యోగం పట్టలేదు. మన తిరుపతి పక్కనే రేణిగుంటలో ఎయిర్‌పోర్టు పెట్టుకోని చెన్నై దాకా బస్సులో పోయి ఎక్కినాం, అది వేరే కథ.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగంగానే నోరు తెరిచినా. పేరు శ్రీవిజయపురం అని మార్చినారు, మన పక్కూరు పేరు మాదిరి ఉంది. శంఖం ఆకారంలో కట్టిన టెర్మినలు, పైనుంచి ఎండ వెలుతురు లోపలికి జారేటట్టు అద్దాలు. పగలు లైట్లతో పనే లేదు. 2023 జులైలో తెరిచినారంట, 710 కోట్లు. ఏడాదికి 50 లక్షల మందిని తట్టుకుంటుందంట.

నాకు అక్కడే తిక్క పుట్టింది. 2011 లెక్కల్లో ఆ దీవులన్నిట్లో కలిపి జనం 3 లక్షల 80 వేలు. ఇంట్లో నలుగురుంటే యాభై మందికి పందిరి వేసినట్టు కదా ఇది? ఆ వచ్చే జనానికి నీళ్ళు యాడివి, కరెంటు యాడిది, వాళ్ళు పారేసే ప్లాస్టిక్ యాడికి పోతుంది?

ఇంకోటి. షహీద్ ద్వీప్ గట్టున మా పాప గవ్వలేరి గౌను నిండా పోసుకునింది. ట్యాక్సీ అబ్బాయి చూసి "వద్దు సార్, ఇక్కణ్ణించి గవ్వలు, పగడాలు తీసుకుపోగూడదు, రూల్" అన్నాడు. మంచిదే, పోసేసినాం. పాప రెండు గంటలు నాతో మాట్లాడలేదు. తిరిగొస్తా పేపరు చూస్తే అదే దీవుల్లో గ్రేట్ నికోబార్‌లో కొత్త ఎయిర్‌పోర్టు, పోర్టు, టౌనుకి కలిపి 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇస్తున్నారంట!

పోర్ట్‌బ్లెయిర్ టెర్మినల్లో సోలారు, వాననీళ్ళ ట్యాంకు అని గొప్పగా చెప్పుకుంటున్నారే, అవి నిజంగా పనికొచ్చేవా, కల్యాణ మండపం ముందర అరటి చెట్లు కట్టినట్టా? తెలిసినోళ్ళు చెప్పండి.

పుంగనూరు దూడ

అయివారూ, రిటైరైనా హాజరు పట్టీ వదల్లేదు మీరు. పోయింది టూరుకా, తనిఖీకా?

కువైట్ కోడూరు

వాళ్ళకి 50 లక్షల టెర్మినలు. కౌలాలంపూర్ నుంచి కూడా విమానం దిగింది 2024లో. మన రేణిగుంటది పేరుకు అంతర్జాతీయ విమానాశ్రయం. నేను కువైట్ పోవాలంటే రైల్వే కోడూరు నుంచి చెన్నైకే పోవాల. పర్యావరణం సంగతి తర్వాత, ముందు విమానం చూపించండి.

సివిల్ సుబ్బడు

అయివారు అడిగింది మంచి ప్రశ్న, కాకపోతే రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టినారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో జరిగింది ఉన్న రన్‌వే పక్కన పాత టెర్మినలు బదులు కొత్తది కట్టడం. పాత టెర్మినలు రోజుకి 4,000 మందికి సరిపోయేది, ఇది 11,000 మందికి. విమానాలు నిలబెట్టే ఏప్రాన్ పెంచినారు, ఒకేసారి పది విమానాలు పెట్టొచ్చు. రన్‌వే పొడవు ముట్టుకోలేదు, 3,290 మీటర్లు ముందునుంచీ ఉంది, నౌకాదళంతో కలిసి వాడుకుంటారు. అంటే కొత్తగా పోయిన అడవి పెద్దగా లేదు.

గ్రేట్ నికోబార్‌ది పూర్తిగా కొత్త కథ. దాని గురించి తర్వాత రాస్తా, ఇప్పుడు సైటులో స్లాబు పోస్తున్నారు.

లీలామహల్ లీల

స్లాబు పోసేటప్పుడు ఫోను చూసే ఇంజనీరు కట్టిన మిద్దెలో ఎవరుంటారో పాపం.

సివిల్ సుబ్బడు

అక్కా, వైబ్రేటర్ ఆడతా ఉంది, నేను చూస్తానే ఉన్నా.

సున్నా ఎనిమిది

ఒక విమానాల కంపెనీలో గ్రౌండ్ స్టాఫ్‌గా తొమ్మిదేండ్లు చేసినా, అందులో కొన్నాళ్ళు చెన్నైలో అండమాన్ విమానాలు చూసేవాణ్ణి. దీవి ఎయిర్‌పోర్టుకీ మన రేణిగుంటకీ ఉండే అసలు తేడా చెప్తా.

రేణిగుంటలో వాన పడి దిగలేకపోతే పైలట్ చెన్నైకో బెంగళూరుకో తిప్పుకుంటాడు, అరగంట పని. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగలేకపోతే? చుట్టూ నీళ్ళు. మళ్ళీ రెండు గంటలు వెనక్కి రావాల. అందుకని పోయేటప్పుడే తిరిగొచ్చేదానికి కూడా ఇంధనం నింపుకోని పోతారు. బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఒక్కోసారి సరుకైనా సీట్లైనా తగ్గించాల్సొస్తుంది. పైగా అక్కడ రన్‌వే ఒక చివర కొండ. ఒక వైపు నుంచే దిగాల, ఆ వైపుకే లేవాల. గాలి ఎదురు తిరిగితే తిప్పలే.

వానాకాలంలో చెన్నైలో ఎక్కి, పోర్ట్‌బ్లెయిర్ పైన చక్కర్లు కొట్టి, మళ్ళీ చెన్నైలోనే దిగినోళ్ళని నేనే ఎంతమందికో ఇడ్లీ పొట్లాలిచ్చి సముదాయించినా. ఒకాయన "ఊరికే ఆకాశం చూపించి తెచ్చినారా" అని గొడవ.

కాబట్టి దీవుల్లో ఎయిర్‌పోర్టు పెంచడం షోకు కాదు. అక్కడ జబ్బు చేస్తే పెద్దాసుపత్రికి దారి అదే.

చెరువుకట్ట

అవసరం లేదని ఎవరన్నారు? ఎంత అవసరం, దేన్ని తిని పెరుగుతుంది అనేదే ప్రశ్న. అయివారు అడిగింది నీళ్ళ లెక్క. ఎవురూ చెప్పకుండా విమానం ఎక్కి తిరుగుతా ఉండారు.

సిక్కోలు టు సెల్యులార్

ఈ గుంపులోకి మా బావ లాగినాడు. మాది టెక్కలి దగ్గర, తాత కాలం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంటన్నాం. ఇక్కడ మన తెలుగోళ్ళు శానా మంది.

నీళ్ళ సంగతి నన్నడగండి. ఊరికి నీళ్ళు ధనికారి డ్యామ్ నుంచి. మే నుంచి డిసెంబరు దాకా వాన దంచేస్తాది, ఏడాదికి మూడు మీటర్ల వాన. కానీ టూరిస్టులు వొచ్చేది వాన పోయాక, డిసెంబరు నుంచి ఏప్రిల్. ఎండల్లో మాకు కొళాయి రోజు మార్చి రోజు. వాన కురిసినప్పుడు జనం లేరు, జనం వొచ్చినప్పుడు వాన లేదు. ఏటి సేస్తాం.

కరెంటు ఎక్కువగా డీజిలు జనరేటర్లదే. ఆ డీజిలు ఓడలో వొస్తాది. సిమెంటు ఓడలో, ఉల్లిపాయ ఓడలో. కంకర లోడు ఆలస్యమయితే మేస్త్రీలు పేకాట ఆడుకోవడమే. బీచుల్లో ఇసుక తియ్యడం మీద 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వొచ్చింది, అప్పట్నుంచి ఇసుక బంగారమే.

పుంగనూరు దూడ

ఇసుక బంగారమా? అన్నా, స్వర్ణముఖి గట్టుకొచ్చి చూడు. మాకు పేరులోనే స్వర్ణం, ఇసుక మాత్రం రాత్రికి రాత్రి ట్రాక్టర్లో.

సివిల్ సుబ్బడు

స్లాబు అయిపోయింది. ఇప్పుడు లెక్క.

టెర్మినలు మొత్తం 40,800 చదరపు మీటర్లు, మూడు అంతస్తులు. కప్పు సుమారు 13,000 చ.మీ. అనుకుందాం. మూడు మీటర్ల వాన పడితే దాదాపు 39,000 ఘనపు మీటర్లు, అంటే 4 కోట్ల లీటర్లకి కొంచెం తక్కువ. ఒక్క చుక్క వదలకుండా పట్టినా, 50 లక్షల మందికి పంచితే తలా ఎనిమిది లీటర్లు. ఒకసారి ఫ్లష్, ఒకసారి చేతులు కడిగితే సరి.

అయితే వాడిన నీళ్ళని శుద్ధి చేసి మొత్తం తోటలకే వాడేటట్టు కట్టినారు. అది అరటి చెట్టు కాదు అయివారూ, అసలు పని అదే. తోటకి మంచినీళ్ళు పోయకపోతే ధనికారి మీద ఆ మేరకు భారం తగ్గినట్టే. వాననీళ్ళ కోసం భూమిలో ట్యాంకు కూడా ఉంది. కానీ సిక్కోలన్న చెప్పినట్టు ఏప్రిల్ దాకా నిలవ పెట్టాలంటే ట్యాంకు కాదు, చెరువు కావాల.

సోలారు 500 కిలోవాట్లు. రోజుకి సుమారు 2,000 యూనిట్లు. డీజిలుతో చేసే కరెంటు బదులు వస్తుంది కాబట్టి రోజుకి ఒకటిన్నర టన్ను బొగ్గుపులుసు వాయువు మిగిలిందనుకోండి. బాగుంది కదా? ఇప్పుడు ఇది చూడండి. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఒక ఎయిర్‌బస్ 320 రెండు గంటలు ఎగిరితే సుమారు ఐదు టన్నుల ఇంధనం కాలుతుంది. టన్ను ఇంధనానికి మూడు టన్నుల పైచిలుకు వాయువు. అంటే ఒక్క విమానం, ఒక్క వైపు, పదహారు టన్నులు. పది రోజులు కప్పు మీద ఎండ పట్టింది ఒక్క విమానం రెండు గంటల్లో ఊదేస్తుంది.

లీలామహల్ లీల

అట్లయితే సోలారు దండగనా? ఈ లెక్క నాకు నచ్చలేదు సుబ్బన్నా. మా ఇంటాయన కూడా ఇంతే, "ఎట్లాగూ ఏసీ బిల్లు వస్తుంది, ఫ్యాను ఆపి ఏం లాభం" అంటాడు. విమానం ఇంధనం విమానానిది, ఊళ్ళో డీజిలు పొగ ఊరోళ్ళ ముక్కులోకి. రెండూ ఒకే తక్కెట్లో ఎందుకు తూచాల?

సివిల్ సుబ్బడు

దండగ అనలేదక్కా. "పచ్చని ఎయిర్‌పోర్టు" అని బోర్డు పెట్టేటప్పుడు ఏది పచ్చనో చెప్పమంటున్నా. కప్పు పచ్చన, టైరు నలుపు.

లీలామహల్ లీల

సరే, ఆ మాట ఒప్పుకుంటా. ఆ పోలిక మాత్రం నాకు నచ్చలేదు, నచ్చదు.

పులికాట్ పక్షి

పసిఫిక్ సముద్రంలో గాలాపగోస్ దీవుల్లో బాల్ట్రా అని ఒక ఎయిర్‌పోర్టు ఉంది, తెలిసినోళ్ళుంటారు. 2012లో కొత్తగా కట్టినారు, పూర్తిగా గాలిమర, సోలారు కరెంటు మీదే నడిచేటట్టు. పాత టెర్మినలు ఇటుకలు, ఇనుము పారేయకుండా కొత్తదాంట్లోనే వాడినారు. నీళ్ళు సముద్రం నుంచి శుద్ధి చేసుకుంటారు. ఏసీ లేదు, గాలి ఆడేటట్టే గోడలు. దీవికి కొత్త సరుకు తెస్తే ఓడలో తేవాల, పాతది పారేయాలన్నా ఓడలోనే పంపాల. అందుకే బుద్ధొచ్చింది.

ఏసీ లేకుండా రేణిగుంటలో మే నెలలో కూర్చోమంటే మాత్రం నేను రాను, చెప్తున్నా.

కువైట్ కోడూరు

రేణిగుంటలో మేలో ఏసీ ఉన్నా ఉడుకే. బయటికొస్తే ఆవిరి కుడుము.

సున్నా ఎనిమిది

ఆ ఉడుకుకీ రన్‌వేకీ సంబంధం ఉంది. ఎండ ఎక్కువయ్యే కొద్దీ గాలి పలచబడుతుంది, రెక్కకి పట్టు తగ్గుతుంది, లేచేదానికి ఇంకా దూరం పరుగెత్తాల. 43 డిగ్రీల్లో నిండుగా ఇంధనం పోసుకున్న పెద్ద విమానానికి మన పాత రన్‌వే 2,285 మీటర్లు చాలవు. అందుకే 3,810కి పెంచే పని చేపట్టినారు. కోడూరన్న కువైట్ విమానం ఆ పొడవులో ఉంది. పొడవు ఉంటే చాలదు, కంపెనీకి లాభం కనపడాల, అది వేరే.

కువైట్ కోడూరు

రాజంపేట, రాయచోటి, కోడూరు, పీలేరు. ఇంటికొకడు గల్ఫులో ఉంటే లాభం కనపడలేదంటే కంటి డాక్టరు కాడికి పోవాల ఆ కంపెనీ.

చెరువుకట్ట

ఇప్పుడు నేనడిగేది వినండి.

1,525 మీటర్లు పెంచితే, 45 మీటర్ల వెడల్పుతో 17 ఎకరాల తారు. అంచులు, విమానం రన్‌వే దాకా నడిచే టాక్సీవేలు కలపకుండానే. పది సెంటీమీటర్ల వాన ఒక్క రోజు పడితే ఆ 17 ఎకరాల మీద 68 లక్షల లీటర్లు. మన్ను ఉండుంటే కొంత తాగేది. తారు తాగదు. ఆ నీళ్ళు యాడికి పోవాల?

2021 నవంబరు మర్చిపోయినారా? తిరుపతి వీధుల్లో కార్లు తేలినాయి. రాయలచెరువు కట్టకి గండి పడుతుందని ఊళ్ళకూళ్ళు ఖాళీ చేయించినారు. నేను ఆ రాత్రి కట్ట మీద ఇసుక మూటలు మోసినా. మా ఊరి చెరువుకి నీళ్ళొచ్చే వంకలో ఎవురో లేఔటు వేసినారు, చెరువు నిండి పొర్లిన నీళ్ళు పోయే మొరవ కాలవ మీద ఇండ్లు. మూడేండ్లు వాన లేనప్పుడు ఎవురికీ కనపళ్ళేదు. వానొచ్చినాక నీళ్ళు పాతదారే వెతుక్కోని ఇండ్లలోకొచ్చినాయి. మా చిన్నాయన ఇంట్లో చెనిక్కాయల మూటలన్నీ మొలకలెత్తినాయి.

నేను రేణిగుంట గురించే చెప్పడం లేదు. దేశంలో పెద్ద ఎయిర్‌పోర్టుల్నే చూడండి. చెన్నైలో రెండో రన్‌వేని అడయారు నది మీద వంతెన కట్టి పొడిగించినారు. 2015 డిసెంబరులో నది వచ్చి రన్‌వే మీద కూర్చునింది, విమానాలు తేలినాయి. కొచ్చిన్‌ది ప్రపంచంలో మొదటి పూర్తి సోలారు ఎయిర్‌పోర్టు, 2015లో. 2018 ఆగస్టులో పెరియార్ పొంగి రెండు వారాలు మూతపడింది. సోలారు పలకలు నీళ్ళలో. కరెంటుకి పచ్చన, నీళ్ళకి గుడ్డి.

దీవిలో వాళ్ళకి చుట్టూ సముద్రం కనపడుతుంది కాబట్టి హద్దు తెలుస్తుంది. మనకి చెరువే సముద్రం, వంకే సముద్రం, ఎండినప్పుడు కనపడదు అంతే.

తోతాపురి అయివారు

చెరువుకట్టా, నువ్వు ఎనిమిదో తరగతిలో నా శిష్యుడివా? ఇట్లా రాసే పిల్లోడు ఒకడుండేవాడు.

చెరువుకట్ట

కాదయివారూ. నాకు ఎనిమిదిలో లెక్కలయ్యవారు బెత్తంతోనే చెప్పినారు.

అలిపిరి మెట్టు

రన్‌వే పెంచండి, తగ్గించండి. కొండ పైన మాత్రం విమానాలు తిరగకూడదు. ఆగమం ఒప్పుకోదు. టీటీడీ ఎప్పట్నుంచో కేంద్రాన్ని అడుగుతా ఉంది. పెద్ద విమానాలొస్తే ఇంకా ఎక్కువ తిరుగుతాయి కదా?

సున్నా ఎనిమిది

రన్‌వే తూర్పు పడమరలు. పేరే 08, 26, దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేసినట్టు. కొండ వాయవ్యంలో. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దారి పక్కనుంచి పెట్టొచ్చు, కష్టం కాదు. ఎత్తులో ఎటో పోయే విమానాలని కూడా ఆపాలంటే అది ఢిల్లీలో తేలాల.

పుంగనూరు దూడ

స్వామికి గరుడుడు ఉన్నాడు. రన్‌వే అక్కర్లేదు, ఇంధనం అక్కర్లేదు. మన టెర్మినలు గరుడుడి ఆకారంలోనే కదా కట్టినారు, 2015 అక్టోబరులో తెరిచినప్పట్నుంచి ఎగిరేదానికి చూస్తా ఉంది.

పీలేరు ప్యాసింజర్

కుప్పానికి కూడా ఎయిర్‌పోర్టు అంటున్నారు. మా పీలేరుకి కనీసం రైలు టైముకి వస్తే చాలు.

పులికాట్ పక్షి

నాకు నికోబార్ సంగతి చెప్పాలనుంది, ఎవరూ ముట్టుకోలేదు.

అక్కడ గలాతియా అఖాతం. తోలు తాబేలు, బరువులో ప్రపంచంలోనే పెద్ద తాబేలు, గుడ్లు పెట్టే చోటు. అది అభయారణ్యంగా ఉండేది, 2021 జనవరిలో ఆ హోదా తీసేసినారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి. ఓడరేవు అక్కడే, ఎయిర్‌పోర్టు కొంచెం అవతల. షోంపెన్లు అని అడవిలో బతికే జాతి, నికోబారీలు ఉండే దీవి. 16,000కి పైగా పగడపు గుంపుల్ని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట అతికిస్తారంట. కొట్టిన అడవికి బదులు మొక్కలు ఎక్కడ పెడతారో తెలుసా? హర్యానాలో.

మా సూళ్ళూరుపేటలో ఉండి చూస్తే తెలుస్తుంది. రాజహంసలు పులికాట్‌కి ఎందుకొస్తాయి? లోతు సరిగ్గా వాటి కాళ్ళంత, ఉప్పు సరిగ్గా వాటి మేతకి సరిపోయేంత. అదే నీళ్ళు హర్యానాలో పోస్తే వస్తాయా? తాబేలు పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు పాకుతుంది. చీకట్లో సముద్రం వైపే వెలుతురు కాబట్టి అటు పోతుంది. గట్టున దీపాలు పెడితే దీపాల వైపు పోయి చస్తుంది. లైటుకి గొడుగు పెట్టి కిందికి తిప్పడం, రంగు మార్చడం లాంటివి చేయొచ్చు, చేసిన చోట్లున్నాయి. కానీ రన్‌వే దీపాల్ని ఆర్పలేరు కదా.

అలిపిరి మెట్టు

హర్యానాలోనా? శేషాచలంలో ఎర్రచందనం కొట్టి రాజస్థాన్‌లో తుమ్మ నాటినట్టుంది.

సివిల్ సుబ్బడు

అడవి సంగతి ఒప్పుకుంటా. కానీ ఇంజనీరుగా నాకు ఇంకో భయం. 2004 సునామీ రోజు గ్రేట్ నికోబార్ దక్షిణ కొన, ఇందిరా పాయింట్, నాలుగు మీటర్ల పైన కుంగిపోయింది. అలలు తినడం కాదు, నేలే దిగిపోయింది. అదే రోజు కార్ నికోబార్‌లో వైమానిక దళం స్థావరాన్ని సముద్రం మింగేసింది, వందమందికి పైగా పోయినారు. అట్లాంటి చోట రన్‌వే అంటే నేల ఎంత దిగుతుందో, ఎంత ఎత్తు పెట్టాలో చూసుకోవాల.

జపాన్‌లో కన్సాయ్ చూడండి. సముద్రంలో మట్టి పోసి దీవి చేసి 1994లో తెరిచినారు. కింద మెత్తటి బంకమన్ను, పోసిన రోజు నుంచి దిగతానే ఉంది, పది మీటర్ల పైనే దిగింది. స్తంభాల కింద జాకీలు పెట్టి టెర్మినల్ని మట్టంగా ఉంచుతారు. 2018 సెప్టెంబరు 4న జెబి తుపాను వచ్చి రన్‌వే మునిగింది, కొట్టుకొచ్చిన ఓడ వంతెనకి తగిలింది, వేలమంది లోపలే చిక్కుకున్నారు. అంత తెలివైనోళ్ళకే అట్లయింది.

లీలామహల్ లీల

జాకీలా? కారుకి పెట్టినట్టా?

సివిల్ సుబ్బడు

అవునక్కా. ఎత్తి, కింద ఇనుప పలక దూర్చి, దించుతారు. వందల స్తంభాలకి.

లీలామహల్ లీల

మా మిద్దెకి ఒక మూల దిగింది. నెంబరు ఇస్తావా ఆ జపానోళ్ళది.

సున్నా ఎనిమిది

మట్టి పోయకుండా కూడా చేసినారు. పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవిలో కొండకీ సముద్రానికీ మధ్య చోటు లేక, 2000లో రన్‌వేని స్తంభాల మీద పొడిగించినారు. ఒక్కో స్తంభం డెబ్బై మీటర్ల దాకా, 180 స్తంభాలు. పైన విమానం దిగుతుంది, కింద ఆటస్థలం. సముద్రం అడుగుని మట్టితో పూడ్చలేదు. ఖర్చు మాత్రం వాచిపోతుంది.

పులికాట్ పక్షి

హాంకాంగ్ వాళ్ళు మూడో రన్‌వేకి 650 హెక్టార్ల సముద్రం పూడ్చినారు. అడుగు బురదని తవ్వి పారేయకుండా సిమెంటు కలిపి అక్కడే గట్టిపరిచినారు, తవ్వితే నీళ్ళు బురదయి చేపలు, డాల్ఫిన్లు పోతాయని. ఆ నీళ్ళలో గులాబి రంగు డాల్ఫిన్లుంటాయి. ఫెర్రీల వేగం తగ్గించినారు, దారి మళ్ళించినారు. డాల్ఫిన్ల కోసం సముద్రంలో రక్షిత ప్రాంతం మాత్రం పూడ్చడం అయినాక ప్రకటించినారు. పెండ్లి అయినాక జాతకం చూసినట్టు. ఈలోపల డాల్ఫిన్లు ఆ చోటికి రావడం తగ్గించేసినాయి.

చెరువుకట్ట

నేను చెప్పేదే అది. ముందు చేయాల్సింది ముందు. వంక మూసి తర్వాత డ్రైనేజీ తవ్వడం కాదు.

కువైట్ కోడూరు

మీరందరూ ఇట్లా మాట్లాడతా ఉంటే ఏ పనీ కాదు. మా నాయన పోయినప్పుడు నేను కువైట్‌లో ఉన్నా. చెన్నైలో దిగి, ఐదు గంటలు రోడ్డు మీద పడి వచ్చేసరికి తీసుకుపోయినారు. రేణిగుంటలో దిగుంటే మొహం చూసేవాణ్ణి. తాబేలు, డాల్ఫిను సరే. మనుషులం కూడా లెక్కలోకి రావాల కదా.

చెరువుకట్ట

అన్నా, ఆ మాటకి నేనేం బదులు చెప్పను. నువ్వు దిగాల్సిందే రేణిగుంటలో. రన్‌వే వద్దని నేను ఒక్క మాట కూడా అనలేదు, పైకి పోయి చూడు. వంకకి దారి ఇడిచి వేయమంటున్నా. కల్వర్టు రెండు గజాలు ఎక్కువ వెడల్పు పెడితే నీ విమానం ఆగదు.

కువైట్ కోడూరు

సరేలే అన్నా. కోపం నీ మీద కాదు.

సిక్కోలు టు సెల్యులార్

ఇక్కడా అదే మాట. మా అమ్మకి గుండెకి చెన్నై తీసుకెళ్ళినాం, ఓడలో అయితే మూడు రోజులు. విమానం ఉండబట్టి మనిషి మిగిలింది. ఎయిర్‌పోర్టు వొద్దని ఇక్కడ ఎవుడూ అనడు. టూరిస్టు వొదిలేసిన సీసాలు ఎవులు మోస్తారు అని మాత్రం అడుగుతారు.

నగరి నూలు

రేణిగుంట సంగతికొస్తే, పక్షుల గొడవ ఎవరూ చెప్పలేదే? ఎయిర్‌పోర్టు చుట్టూ పది కిలోమీటర్ల లోపల కబేళా, చెత్త పారేయడం విమాన నియమాల్లోనే నిషేధం. చికెన్ అంగడి వెనక పేగులు పడేస్తే గద్దలు, గద్ద ఇంజన్లోకి పోతే విమానం. రన్‌వే పెంచినా, తగ్గించినా ఆ చెత్త ఎత్తాల్సింది మనమే.

పులికాట్ పక్షి

గద్ద తప్పేం లేదు. దానికి భోజనం పెట్టినోడిది తప్పు.

పుంగనూరు దూడ

ఇంత మాట్లాడినారు, మన జిల్లాలోనే ఒక దీవి ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. శ్రీహరికోట! ఒక పక్క పులికాట్, ఒక పక్క సముద్రం. అక్కణ్ణించి ఎగిరేవి తిరిగి దిగే పనే లేదు, రన్‌వే గొడవ లేదు, ఇమిగ్రేషన్ లేదు. కోడూరన్నా, ఎక్కుతావా?

కువైట్ కోడూరు

లగేజీ ఎంత అనుమతిస్తారు?

పులికాట్ పక్షి

నవ్వులాట కాదు. జనాన్ని రానీయకపోవడం వల్లే శ్రీహరికోటలో అడవి నిలిచింది. మూడో ప్రయోగ వేదికకి 2025 జనవరిలో అనుమతి వచ్చింది, 3,985 కోట్లు. రాకెట్లు నెలకొకటి అనుకున్నా ఆ శబ్దం కాసేపే. ఎయిర్‌పోర్టు అయితే పొద్దస్తమానం. పక్కనే ఇరకం దీవిలో జనం ఇప్పటికీ భీములవారిపాళెం రేవు నుంచి పడవలోనే పోతారు. వాళ్ళడిగేది ఎయిర్‌పోర్టు కాదు, వంతెన.

లీలామహల్ లీల

అయివారు యాడికి పోయినారు? గంట కొట్టి పిల్లల్ని కొట్లాటకి వదిలిపెట్టినారు.

తోతాపురి అయివారు

అన్నీ చదివినా, నోటుబుక్కులో రాసుకున్నా. సిక్కోలు నాయనా, మీ అమ్మగారు బాగుండాల.

నాకు అర్థమైంది ఒకటి. పోర్ట్‌బ్లెయిర్ టెర్మినల్ మీద నేను పడింది కొంచెం అన్యాయమే. తోటకి వాడిన నీళ్ళు పోస్తున్నారంటే మా స్కూల్లో కూడా అది చేయలేకపోయినాం. నా తిక్క నికోబార్ మీదికి మళ్ళింది, అది తగ్గలేదు. ఒక సందేహం మిగిలింది. ఎయిర్‌పోర్టు పెంచేటప్పుడు మనలాంటోళ్ళని ఎవరైనా అడుగుతారా, పేపర్లో చూసి తెలుసుకోవడమేనా?

నగరి నూలు

అడుగుతారు, మనం పోము. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఎయిర్‌పోర్టుకి పర్యావరణ అనుమతి కావాల, కొన్ని మినహాయింపులు పోతే కాలుష్య నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టాల. ముప్పై రోజులు ముందు పేపర్లో ప్రకటన. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఇవ్వాల. ఒక పరిశ్రమకి పెట్టిన విచారణకి పోయినా ఒకసారి. టెంటు, కుర్చీలు, మజ్జిగ పొట్లాలు. నా ముందున్నాయన లేచి మైకులో తన పింఛను రాలేదని చెప్పినాడు, అదీ రాసుకున్నారు.

చెరువుకట్ట

నివేదిక దొరికితే ముందు మ్యాపు చూడండి అయివారూ. వంకలు గీసినారా లేదా. గీయకపోతే అదే అడగండి. మిగతా మూడువందల పేజీలు తర్వాత.

సివిల్ సుబ్బడు

పాత సర్వే పటం మీద పెట్టి చూడాల. కొత్త పటాల్లో చెరువులు చిక్కిపోయుంటాయి. నేను పెట్టిస్తా, పంపండి.

పుంగనూరు దూడ

మజ్జిగ ఇస్తారంటే నేనూ వస్తా.

తోతాపురి అయివారు

ఇంకొక విషయం, చెప్పకూడదనుకున్నా. నిన్న ఇంటామె సూట్‌కేసు దులిపితే పాప మేజోడులోంచి ఒక గవ్వ పడింది. చిన్నది, గోరంత. అడిగితే "నేను కాదు" అంటుంది. ఇప్పుడు దీన్నేం చేయాల?

పులికాట్ పక్షి

తూపిలిపాళెం సముద్రంలో వేసెయ్యండి. అంతా బంగాళాఖాతమే.

సిక్కోలు టు సెల్యులార్

వొద్దు అయ్యవారూ. మా బావ వొచ్చే నెల తిరుపతి దర్శనానికొస్తన్నాడు. ఆడికిచ్చి పంపండి, షహీద్ ద్వీప్‌లో నేనే పెట్టొస్తాను. ఆడికి లడ్డూ కూడా ఇవ్వండి మరి.

లీలామహల్ లీల

గవ్వకి పదహారు టన్నుల పొగనా సుబ్బన్నా?

సివిల్ సుబ్బడు

వాళ్ళ బావ ఎట్లాగూ పోతాడు కదక్కా, కలపాల్సిన పని లేదు.